పెర్త్ ముద్ర

మొన్న ఆఫీసు నుంచి వచ్చి లెటర్‌బాక్సు తెరిస్తే అందులో క్రిస్మస్ కేటలాగు లేదు. దాని బదులు అరచేతంత అట్టముక్క ఉంది. ఈ ఏడాది నుంచి కేటలాగు అచ్చు వేయడం మానేశాం, ఈ నలుపు తెలుపు గళ్ళను ఫోనుతో స్కాన్ చేసి వస్తువులన్నీ చూసుకోండి, అందరం కలిసి చెట్లను కాపాడుదాం అని దుకాణం వాళ్ళు రాశారు. కింద ఒక చెట్టు బొమ్మ, దానికి నవ్వుమొహం.

కారు తాళాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి, "ఎవడికి లాభం?" అన్నాను పైకే.

అది నా మాట కాదు. మా వీధి చివరింటి పెద్దాయన మాట. ఆయన ఈ జూలైలో పోయారు. ఉండుంటే ఆ అట్టముక్కను వెలుతురుకేసి పట్టి, తిప్పి, వాసన చూసి, "చెట్ల మీద ప్రేమ కాదమ్మా ఇది. పుస్తకమైతే నువ్వు ఏ పేజీ దగ్గర ఆగావో వాడికి తెలీదు. ఫోనైతే తెలుస్తది" అనేవారు. అదే నిజమై ఉంటుంది. నేను స్కాన్ చేయలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయనకు నచ్చదు. పేరు అచ్చులో పడితే ఎవడో ఒకడు దాన్ని వాడుకుంటాడని ఆయన గట్టి నమ్మకం.

మేం ఈ హారిసన్ పేటలో ఇల్లు కొనుక్కుని దిగిన కొత్తలో, ఒక శనివారం పొద్దున కిటికీలోంచి చూస్తే, ఇక్కడ ఎండలు మొదలయ్యే నవంబరులో కూడా మంకీక్యాప్ పెట్టుకున్న ముసలాయన ఒకరు మా లెటర్‌బాక్సు మూత ఎత్తి లోపలికి తొంగిచూస్తున్నారు. చూస్తూ ఉండగానే చెయ్యి పెట్టి కేటలాగు బయటికి లాగి, అక్కడే నిలబడి పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ దేశంలో పరాయివాళ్ళ టపా ముట్టుకోవడం నేరం. మంకీక్యాప్ చూడగానే మనవాళ్ళే అని తెలిసిపోయింది, దాంతో అనుమానం ఇంకా పెరిగింది. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళాను.

"అంకుల్, అది మా మెయిల్ అండీ."

"తెలుసమ్మా, మీదే. మీకొచ్చింది. ఎదురింటికీ వచ్చింది. ఆ మూలింటికీ వచ్చింది. మాకొక్కళ్ళకే రాలా. ఎందుకు రాలేదంటావు?"

"నాకేం తెలుసండీ?"

"అదే నేనూ కనుక్కుంటున్నా" అని కేటలాగు మడిచి నా చేతిలో పెట్టి, మా ఇంటి నంబరు వైపు ఒకసారి, నా కాళ్ళ వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

ఎందుకు రాలేదో ఆ సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళినప్పుడు నాకే తెలిసింది. వాళ్ళ బాక్సు మీద ప్రకటన కాగితాలు వేయొద్దని స్టిక్కరు ఉంది. ఆయన ఉండేది కూతురింట్లో, ఆమే అతికించింది. సంగతి చెప్పగానే ఆయన వంటింట్లోంచి చాకు తెచ్చి దాన్ని గీకిపారేశారు. కూతురు మళ్ళీ అతికించింది, ఆయన మళ్ళీ గీకారు. "చెత్త కాగితాలు చదువుతానని పేచీ పెడుతున్నారండీ, ఈయనతో నేనేం చేయను?" అని ఆమె నాతో మొత్తుకుంది. ఆఖరికి ఆమే వదిలేసింది. స్టిక్కరు బంక మరక మాత్రం ఆ బాక్సు మీద అలాగే ఉండిపోయింది.

ఆయన గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరికి పోస్టుమాస్టరుగా చేశారు. అనుమానం ఆయనకు ఉద్యోగంతో పాటు వచ్చింది. ఆ రోజుల్లో వారపత్రికల్లో ప్రకటన చూసి జనం ట్రాన్సిస్టరుకో చేతి గడియారానికో ఉత్తరం రాసేవాళ్ళట. సరుకు వీపీపీలో వచ్చేది. అంటే ముందు పోస్టాఫీసులో డబ్బు కట్టాలి, ఆ తర్వాతే పెట్టె విప్పాలి. డబ్బు కట్టి, అక్కడే బల్ల మీద పెట్టి విప్పితే, లోపల గడ్డిలో చుట్టిన ఇటుకరాయి ఉండేది.

"ఒకళ్ళు కాదమ్మా. ఎంతమంది మొహాలు చూశానో. పోస్టాఫీసులోనే మార్చేశారని నన్నే తిట్టేవాళ్ళు. వాళ్ళ ముందు నిలబడి, ముద్ర చూపించి, ఇదిగో ఎక్కడినుంచి బయల్దేరిందో చూడండి, ఎంత బరువుతో బయల్దేరిందో చూడండి, మా దగ్గర ఏమీ మారలేదు అని చెప్పేవాణ్ణి. ముద్ర అబద్ధం ఆడదు. మనిషి ఆడతాడు, ప్రకటనలో బొమ్మ ఆడుద్ది. ముద్ర ఆడదు."

అలాంటి మనిషికి కేటలాగులంటే ప్రాణం. అదేమిటని అడిగితే, "దొంగను పట్టుకోవాలంటే దొంగను చదవాలి" అనేవారు. నాకు ఆ జవాబు మీద కూడా అనుమానమే. ఒక్కోసారి మా వరండాలో కూర్చుని ఆ నున్నటి కాగితం మీద అరచెయ్యి ఆనించి, చదవకుండా ఊరికే ఉండిపోవడం చూశాను. అప్పుడు ఆయన ఎవరినీ పట్టుకుంటున్నట్టు కనిపించలేదు.

ఆ కేటలాగు వచ్చే రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిరా వాసన ముక్కుకు తగులుతుంది. ముందు పేజీల్లో పండుగ బుట్టలు, కేకులు, టిన్నుల్లో బిస్కట్లు. తర్వాత హామ్, అంటే పందిమాంసం, పేజీ వచ్చేది. అది రాగానే ఆయన అరచేత్తో కప్పేసి పక్క పేజీకి వెళ్ళేవారు. ఆ తర్వాత దుప్పట్లు, గిన్నెలు, ఎవరికీ అక్కర్లేని వంటింటి సామాన్లు. వెనక సగమంతా ఆటవస్తువులు. స్కూలు అయ్యాక మా అబ్బాయి, ఆయన మనవరాలు అన్వి మా వరండాలో బల్ల దగ్గర చేరి, కావలసిన వాటి చుట్టూ పెన్నుతో సున్నాలు చుట్టేవాళ్ళు. ఇక్కడి పిల్లలందరూ చేసే పనే. వీళ్ళ తలల మీద మాత్రం ఒక పోస్టుమాస్టరు ఉండేవారు.

"ముందు అట్ట చూడండి. బయట ఎండకి రోడ్డు కాలిపోతుంటే వీడు అట్ట మీద మంచు కురిపించాడు. మొదటి పేజీలోనే అబద్ధం. ఇంక లోపల ఏముంటదో ఆలోచించండి."

పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు.

"ఆ పిల్ల చెయ్యి చూడు. బొమ్మ ఇంటి పక్కన కూర్చుందే, ఆ పిల్ల. ఎంతుంది చెయ్యి? బుల్లి చెయ్యి. బుల్లి చేతుల పిల్లను వెతికి కూర్చోబెడితే ఇల్లు పెద్దదిగా కనపడద్ది. నీ చెయ్యి పెట్టి చూడు, ఇల్లు అందులో సగం కూడా ఉండదు."

"తాతా, దట్స్ సో స్నీకీ!" అనేది అన్వి, మురిసిపోతూ.

"స్నీకీయే. కింద చీమ తలకాయంత అక్షరాలున్నాయి, చదువు."

"బ్యాటరీస్ సోల్డ్ సెపరేట్లీ."

"మరి? పెద్దక్షరాల్లో ఎందుకు రాయలా? ఎవడికి లాభం?"

ఇంటికి ఏ పార్శిల్ వచ్చినా ఆయన, అన్వి కలిసి దాన్ని పరీక్షించేవారు. అన్వి వాళ్ళమ్మ తెప్పించుకున్న షాంపూ అయినా సరే. ముందు చీటీ చదవాలి, ఏ ఊళ్ళో బయల్దేరిందో చెప్పాలి. ఇక్కడ మన ఊళ్ళోలాగా ముద్ర కొట్టరు, పోస్టాఫీసు పేరున్న స్టిక్కరు వేస్తారు. ఆయనకు అదీ ముద్రే. తర్వాత టేపు చూడాలి, ఒకసారి వేశారా, విప్పి మళ్ళీ వేశారా. ఆ తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. ఇవన్నీ అయ్యాకే కత్తెర. ఏడేళ్ళ పిల్ల పెట్టెను చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకుని వింటుంటే చూడాలి, పోలీసుశాఖ వాళ్ళు కూడా అంత శ్రద్ధగా పనిచేయరు.

అన్వి వాళ్ళ నాన్న సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. విడాకులయ్యాక దేశం ఆ చివరనున్న పెర్త్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు, అక్కడ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పండగకీ పుట్టినరోజుకీ ఫోనులో వీడియోకాల్ చేస్తాడు. అంతకు మించి నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ఒక అక్టోబరు మధ్యాహ్నం ఆయన ఒంటరిగా మా ఇంటికొచ్చారు. మంచినీళ్ళు అడిగి, తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

"మీ తమ్ముడు పెర్త్‌లో ఉంటాడు కదమ్మా? ఏ పేట?"

"కానింగ్ వేల్ అండీ."

"ఎట్టాంటివాడు?"

"అదేంటండీ! మంచివాడే."

"నీకు తమ్ముడు కాబట్టి మంచివాడంటావు. నోరు కట్టుకుని ఉంటాడా?"

విషయం ఏమిటంటే, ఒక పార్శిల్ మా తమ్ముడి అడ్రసుకు వస్తుంది. వాడు దాన్ని విప్పకూడదు. పై అట్టపెట్టె మాత్రం తీసేసి, లోపలి పెట్టెను ఇంకో అట్టపెట్టెలో పెట్టి, పెర్త్ పోస్టాఫీసులో ఇచ్చి, హారిసన్‌కు పంపాలి. పంపినవాడి పేరు ఉండకూడదు. ఎందుకో అడగకూడదు.

"అంకుల్, ఇక్కడికి రావాల్సింది అక్కడికెందుకు?"

"పెర్త్ ముద్ర పడాలి" అన్నారు. ఇంకో మాట చెప్పలేదు.

మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటివి వారానికోటి వస్తూనే ఉంటాయి. ఎవరో పెద్దమనిషి లాంటివాడు మీ అడ్రసు అడుగుతాడు, పార్శిల్ తీసుకుని పంపమంటాడు, మూడోనాడు పోలీసులు మీ తలుపు కొడతారు. ఇంటి పేరు, ఊరి పేరు చూసి మోసపోకండి, మనవాళ్ళే ఎక్కువగా చేస్తున్నారు అని కింద రాసి ఉంటుంది. నేను సరేనని ఆయన్ని పంపించేసి వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, వద్దు. నాకెందుకో తేడాగా ఉంది. నా పీఆర్ వీసా ఇంకా ప్రాసెసింగ్‌లో ఉంది" అన్నాడు వాడు.

"నాకూ తేడాగానే ఉందిరా. అందుకే రానీ. వచ్చాక విప్పుదాం."

"విప్పొద్దన్నాడుగా?"

"అందుకే విప్పుదాం అంటున్నా."

పార్శిల్ వచ్చింది. వాడు వీడియోకాల్‌లో ఫోనును చక్కెర డబ్బాకి ఆనించి, పాత్రలు తోముకునే గ్లవ్స్ తొడుక్కుని, చాకు తీశాడు. నేను ఇటు నుంచి చూస్తున్నా. పైపెట్టెలో ఇంకో పెట్టె, దాని మీద పిల్లల మైక్రోస్కోపు బొమ్మ. లోపల నిజంగానే మైక్రోస్కోపు. గాజు పలకలు. ఒక దానిలో తేనెటీగ రెక్క.

"థర్మాకోల్ కింద చూడు" అన్నాను.

థర్మాకోల్ ఎత్తాడు. కింద చిన్న ప్లాస్టిక్ పొట్లం. పొట్లంలో తెల్లటి పొడి.

వాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"అక్కా, చంపేశావు కదే నన్ను."

"ముట్టుకోకు. కాగితం ఉందేమో చూడు."

వాడు గ్లవ్స్‌తో కాగితం విప్పి చదివాడు. ఉప్పు. స్ఫటికాలను మైక్రోస్కోపులో చూడటానికి. "కాగితాలదేముంది, ఏదైనా రాస్తారు" అన్నాను నేను. నేను ఆపేలోపు వాడు గ్లవ్ తీసి, వేలు తడిచేసి అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పే అక్కా" అన్నాడు, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో.

మర్నాడు ఆయన మా వరండాలో ఒంటరిగా దొరికారు. నేను దాచిపెట్టలేదు. విప్పి చూశామని చెప్పాను. కోప్పడతారనుకుంటే, "టేపు ఏ చాకుతో కోశాడు? అంచు చిరిగిందా?" అని అడిగారు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది.

"అంకుల్, టేపు సంగతి తర్వాత. అన్వికి ఇక్కడే కొనిచ్చే మైక్రోస్కోపు ఖండం ఆ చివరికి వెళ్ళి రావడమేంటి? ఎవడికి లాభం?"

ఆయన మంకీక్యాప్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. అంత చిన్న తల అని నేను ఎప్పుడూ గమనించలేదు.

"దాని నాన్న, ఆ పెద్దమనిషి, వెళ్తూ వెళ్తూ పిల్లతో ఒక మాట అన్నాడు. ప్రతి క్రిస్మస్‌కీ నీకు పార్శిల్ పంపిస్తా తల్లీ అన్నాడు. పోయినేడు అది సెలవులన్నీ గుమ్మంలోనే కూర్చుంది. పోస్టు వ్యాను చప్పుడైతే చాలు బయటికి ఉరికేది. స్కూళ్ళు తెరిచే ముందు రోజు నా దగ్గరికొచ్చింది. ఏడవలేదమ్మా. ఏడిస్తే వేరే సంగతి. నన్నేమడిగిందో తెలుసా? తాతా, పోస్టాఫీసు వాళ్ళు పోగొట్టారా, అని."

మంకీక్యాప్‌ను చేతుల్లో ఒకసారి తిప్పారు.

"పోస్టు పోగొట్టలేదని నాకు తెలుసు. నా సర్వీసులో పోస్టు మీద ఎవడు మాటంటే వాడితో పోట్లాడాను. ఆ రోజు మాత్రం పోస్టు పోగొట్టలేదన్న మాట నా నోట్లోంచి రాలా. అది అంటే, ఇంక మిగిలేది ఎవరు? వాళ్ళ నాన్నేగా? అవునమ్మా, ఒక్కోసారి పోతాయి అన్నాను. ముప్పయ్యేళ్ళు తిన్న ఉప్పుకు ద్రోహం చేశాను."

నేను ఆయన ముందున్న మంచినీళ్ళ గ్లాసు తీసి లోపల పెట్టొచ్చాను.

"ఇంకోసారి ఆ మాట అనలేనమ్మా. అందుకని ఈసారి పార్శిల్ రావాలి. అది ముద్ర చదువుద్ది, నేనే నేర్పాను. షాపు వాడి మెల్బోర్న్ గోడౌన్ అని ఉంటే ఇట్టే పట్టేస్తది. పెర్త్ అని ఉండాలి."

ఆయనంటే నాకు ఇష్టం ఆ రోజే కలిగిందని చెబితే అబద్ధం. అంతకు ముందే కలిగింది, ఒప్పుకోలేదంతే. ఆ రోజు ఒప్పుకున్నాను. అనుమానం మాత్రం పోలేదు. ఈ అబద్ధం ఎక్కడో ఒకచోట బయటపడుతుంది, పడితే ఆ పిల్లకు తండ్రీ తాతా ఇద్దరూ ఒకేసారి పోతారు అని నా భయం. ఆ మాట ఆయనతో అన్నాను కూడా. "అందుకే జాగ్రత్తగా చేద్దాం" అన్నారు.

అలా ఏటా క్రిస్మస్‌కు ముందు ఒక పెట్టె దేశమంతా దాటి వెళ్ళి మళ్ళీ దాటి వచ్చేది. అన్వి చుట్టిన సున్నాల్లోంచి ఆయన ఒకటి ఎంచుకునేవారు. మరీ పెద్దది కాదు, మరీ చిన్నదీ కాదు, "తండ్రి తెలివితేటలకు తట్టేలాంటిది" కావాలనేవారు. ఆర్డరు కూతురి కార్డు మీదే వెళ్ళేది కాబట్టి ఆమెకు తెలియకుండా ఉండదు. ఆమె ఎన్నడూ నన్ను అడగలేదు. మా తమ్ముడికి మాత్రం ఫోనులో పాఠాలు జరిగేవి.

"అంత చక్కగా వేశావేంటయ్యా టేపు? పోస్టుమాస్టరు వేసినట్టుంది. తండ్రి వేసినట్టు వెయ్యి. ఆఫీసుకు టైమైపోతుంటే వేసినట్టు, ఒక పక్క వంకరగా. పాత న్యూస్‌పేపరు ఏదన్నా కుక్కు. పెర్త్ పేపరే కుక్కు!"

"అంకుల్, ఇప్పుడు పేపరు ఎవరు కొంటున్నారండీ?"

"కొనకపోతే అడిగి తెచ్చుకో."

మా తమ్ముడికి పీఆర్ వచ్చింది, పెళ్ళయింది, కొడుకు పుట్టాడు. డిసెంబరు వస్తే మాత్రం వాడు ఎవరింట్లోనో పాత పేపరు అడిగి తెచ్చుకుని, ఒక పక్క వంకరగా టేపు వేసేవాడు.

పార్శిల్ దిగే రోజు నన్నూ పిలిచేవారు. సాక్షి ఉండాలి కదా. ఆయన ఆ రోజు మామూలు కంటే రెండింతలు అనుమానం నటించేవారు. "ఎక్కడినుంచే ఇది? నేను నమ్మను. చదువు" అనేవారు.

"పెర్త్, తాతా."

"సరిగ్గా చూడు. పెర్త్ పేరు పెట్టుకుని ఎవడైనా పంపొచ్చు."

"పోస్టాఫీస్ స్టిక్కర్ ఉంది తాతా. రియల్ స్టిక్కర్."

"ఊపు. ఇటుకరాయేమో."

అన్వి చెవి దగ్గర పెట్టుకుని ఊపి, గట్టిగా తల ఊపేది. "నాట్ ఎ బ్రిక్!" అనేది. అప్పుడు ఆయన మొహం చూడాలి. దొంగ సంతోషాన్ని దాచుకోవడం ఆ మనిషికి చేతకాదు. పెదవులు బిగించి, మంకీక్యాప్ సర్దుకుని, నావైపు ఒక్క క్షణం చూసేవారు.

మూడో ఏడో నాలుగో ఏడో, ఆ తతంగం మధ్యలో నాకు ఒకటి కనిపించింది. అన్వి పెట్టెను చెవికి ఆనించుకుని ఊపుతోంది. కళ్ళు మూసుకోలేదు. పెట్టెను చూడటం లేదు. తాతయ్య మొహాన్ని చూస్తోంది.

నాకు అనుమానం వస్తే ఒక పట్టాన పోదు. రెండ్రోజులు ఓర్చుకుని, ఆయన మా వరండాలో కూర్చున్నప్పుడు చెప్పేశాను.

"అంకుల్, ఆ పిల్లకు తెలుసని నా అనుమానం."

"ఏం తెలుసు?"

"అంతా. వాళ్ళ నాన్న ఫోన్ చేసినప్పుడు పార్శిల్ మాట రాకుండా ఉంటుందా? మీరొకసారి ఆయన్నే అడిగి చూస్తే తెలిసిపోతుంది కదా. మీకు నంబరుంది. ఒక్క ఫోన్."

ఆయన నన్ను కొరకొరా చూశారు. పాలప్యాకెట్ మీద తేదీని పక్కింటి ప్యాకెట్‌తో సరిచూసే మనిషి, డాక్టరు రాసిన మాత్రను ఇంకో డాక్టరుకు చూపించే మనిషి. "నీకన్నీ అనుమానాలే అమ్మా!" అన్నారు.

"నేర్పింది మీరే కదండీ."

"ఫోనులో మాటకు ముద్ర ఉండదు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు" అని లేచిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంటికి రాలేదు. మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఈ జూలైలో, మూడు రోజుల న్యుమోనియా. ఆసుపత్రిలో ఆక్సిజన్ మాస్కు పెట్టబోతే చేత్తో అడ్డుకుని, దాని మీద తేదీ చదవమన్నారట. కూతురు ఏడుస్తూ నవ్వుతూ చెప్పింది ఆ సంగతి. నేను ఆవిడ ముందు ఏడవలేదు, కార్లోకి వచ్చి ఏడ్చాను.

ఇప్పుడు నవంబరు. అట్టముక్క వచ్చిన రాత్రే తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, ఈసారి పంపాలా, వద్దా?"

నేను అదే ఆలోచిస్తున్నాను. ఈ ఏడే ఆగిపోతే హైస్కూలుకొచ్చిన పిల్లకు ఎవరు పంపుతూ వచ్చారో చెప్పనక్కర్లేదు. పోనీ పంపిద్దామంటే ఏం పంపాలి? కేటలాగూ లేదు, సున్నాలూ లేవు. తెలిసిపోతే ఆయన ఇన్నేళ్ళ కష్టం బూడిదవుతుంది. పంపితే మాత్రం, ఆయన లేకుండా ఆయన అబద్ధాన్ని నేను మోసుకు తిరగాలి. ఎంత తిప్పి చూసినా తేలలేదు. వాడికి రెండ్రోజులు ఆగమన్నాను.

నిన్న సాయంత్రం అన్వి వచ్చింది. స్కూలు యూనిఫాం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. అవి తీసి జేబులో పెట్టుకుంది. "ఆంటీ, టీ పెడతారా?" అంది. అది ఎప్పుడూ టీ అడగదు. నాకు అప్పుడే అనుమానమొచ్చింది.

టీ కప్పు ముందు పెట్టాక, దాన్ని ముట్టుకోకుండానే అంది. "ఆంటీ, మీ బ్రదర్‌కి చెప్పండి. ఈ ఇయర్ పార్శిల్ వద్దు. హి డజన్ట్ హావ్ టు."

అది నెమ్మదిగా, ఎక్కువ ఇంగ్లీషులో, మిగతాది చెప్పింది. తాతయ్య ఫోనులో మా తమ్ముడికి చెప్పే టేపు పాఠాలు పక్కగదిలోంచి వినేదట. మొదటి పార్శిల్, ఆ మైక్రోస్కోపు, వచ్చిన సాయంత్రమే అది టాబ్లెట్ తీసుకుని తన గదిలోకి వెళ్ళి వాళ్ళ నాన్నకు కాల్ చేసి థాంక్స్ చెప్పిందట. ఆయన "వాట్ పార్శిల్, కన్నా?" అన్నాడట.

"అప్పుడు ఏం చేశావమ్మా?"

"ఐ వాజ్ ఎయిట్. బయట తాతా హ్యాపీగా పాట పాడుకుంటున్నాడు, నాకు వినిపిస్తోంది. సో డాడ్‌కి చెప్పాను. తాతా అడిగితే నువ్వే పంపానని చెప్పు, ప్లీజ్, అని. హి సెడ్ ఓకే."

"మరి తాతయ్య అడిగారా మీ నాన్నని?"

"నెవర్." కప్పు చుట్టూ రెండు చేతులూ పెట్టుకుంది. "ఎవ్రీ ఇయర్ డాడ్‌కి రిమైండ్ చేసేదాన్ని. ఈసారి అడుగుతాడు, రెడీగా ఉండు అని. తాతా అన్నీ చెక్ చేస్తాడు కదా ఆంటీ. మిల్క్ కూడా. దిస్ వన్ థింగ్, హి నెవర్ చెక్డ్."

తాతయ్య నమ్మకం చెడకూడదని ఎనిమిదేళ్ళ పిల్ల తండ్రికి అబద్ధం నేర్పి, ఏటా పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, ఇటుక కాదని కేక పెట్టింది. ఆయన మా తమ్ముడికి టేపు వంకరగా వేయడం నేర్పుతున్నారు. వీళ్ళిద్దరి మధ్యా నేను సాక్షిగా నిలబడి, అన్నీ నాకే తెలుసనుకున్నాను.

అన్వి తలెత్తింది.

"ఆంటీ, డిడ్ హి నో? నాకు తెలుసని తాతాకి తెలుసా?"

తెలుసనే నా అనుమానం. ఆ రోజు నేను ఒక్క ఫోన్ అన్నప్పుడు ఆయన మొహం నాకింకా గుర్తుంది. అడిగితే ఏం తేలుతుందో తెలిసిన మనిషి మాత్రమే అంత కోపంగా లేచి వెళ్తాడు. అయితే ఆ పిల్ల ఇన్నేళ్ళు దేన్ని కాపాడిందో ఇప్పుడే విన్నాను. దాన్ని నేనెందుకు పాడుచేయాలి?

"లేదమ్మా" అన్నాను. "ఆయన చివరిదాకా నమ్మారు. నీకు తెలియదనే అనుకున్నారు."

అన్వి నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నేను చూపు తిప్పుకోకుండా ఉండటానికి ఎంత తంటాలు పడ్డానో నాకే తెలుసు. అది నమ్మలేదు. నమ్మలేదని నాకు తెలుసు, నాకు తెలుసని దానికీ తెలుసు.

"ఓకే, ఆంటీ" అంది. చల్లారిన టీ మొత్తం తాగింది.